లోహపు ఒడిపెట్టె - దాని గుణదోషములు



జగిత్యాల, కోరుట్ల పట్టణములలో పగటివేళ ఏ వాడకు పోయినను అరుగులమీద స్త్రీలు చాటలు ఒడిలో నుంచుకొని బీడీలు చుట్టుచుండుట కానవచ్చును. తునికాకు, పొగాకు, దారపుండ, కత్తెర - పనికి వలసిన సరంజామా సమస్తము ఆ చాటలోనే యుండును. చాట తేలికైనది. ఎంతసేపు పెట్టుకొనినను ఒడికి వేడి తగులదు. అంచు ఊడినచో ఇంటిలోని పాతగుడ్డతో కుట్టుకొందురు. మరమ్మతునకై పట్నము పోవలసిన పనిలేదు. ఒడిలో పెట్టుకొని పనిచేయదగిన వస్తువు ఎట్లుండవలయునో ఈ చాటను చూచి నేర్చుకొనవచ్చునని మా యభిప్రాయము.

నేడు మేము చెప్పబోవునది వేరొక ఒడి పరికరమును గూర్చి. ల్యాప్‌టాప్ అను మాటకు ఒడిమీదిదనియే గదా యర్థము! అందును లోహపు దేహముతో వెలువడి లోకమును మెప్పించిన తొలి తరము ల్యాప్‌టాపు ఒకటి కలదు. దాని కథలో మెచ్చుకొనవలసినది ఎంత గలదో, తప్పుపట్టవలసినది అంత గలదు. పుట్టినది కాలిఫోర్నియాలో నైనను ఈ కథ మనకును పనికివచ్చును. ఏలయన, మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములకు ఇట్టి యంత్రములు కొత్తవిగా వచ్చుట కంటె, అమెరికానుండియో దుబాయినుండియో సెలవుపై వచ్చు కొడుకులు, అల్లుళ్ళు వాడి విడిచినవిగా వచ్చుటయే మెండు. తయారుచేసినవాని దృష్టిలో యంత్రపు ఆయువు తీరినచోట మన యింట దాని ఆయువు ఆరంభమగును. అప్పటికి దానిలోని లోపములన్నియు పండి యుండును.

2001 జనవరి 9వ తేదీన శాన్ ఫ్రాన్సిస్కో నగరములో ఆపిల్ సంస్థ అధిపతి స్టీవ్ జాబ్స్ సభాముఖమున ఒక ల్యాప్‌టాపును ప్రదర్శించెను. దాని పేరు పవర్‌బుక్ జీ4. అంతకుముందున్న ఆ సంస్థ పవర్‌బుక్కులు నల్లని ప్లాస్టిక్ దేహముతో, గుండ్రని అంచులతో, కొంత లావుగా నుండెడివి. ఇది అట్లు కాదు. మందము ఒక్క అంగుళము. బరువు 2.4 కిలోలు. తెర 15.2 అంగుళముల వెడల్పాటి తెర. చలనచిత్రములు చూచుటకు అనువైనది. పైరేకు, అడుగురేకు టైటానియము. వెల 2,599 డాలర్లు మొదలుకొని 3,499 డాలర్ల వరకు. నాటి మారకపు లెక్కన తక్కువ వెలదే లక్షా ఇరువది వేల రూపాయలకు చేరువ. ఆ సొమ్ముతో ఆనాడు సిరిసిల్లలో నొక ఆసామి మగ్గముల షెడ్డులో ఎంత పని చక్కబెట్టుకొనగలిగెడివాడో మగ్గము నడపువారే యూహింపగలరు.

లోహపు దేహము ఆపిల్ సంస్థ కనిపెట్టినదేమియు కాదు. 1982లోనే గ్రిడ్ అను సంస్థ కంపాస్ అను పేర ఒక ల్యాప్‌టాపును వెలువరించెను. ఆ సంస్థను స్థాపించినవాడు జాన్ ఎలెన్‌బీ. యంత్రపు ఆకృతిని కల్పించినవాడు బిల్ మాగ్రిడ్జ్ అను ఇంగ్లీషు శిల్పి. పుస్తకపు అట్ట వలె తెరను మడచి యంత్రముపై మూయు పద్ధతి అందు కనబడినది. దేహము మెగ్నీషియపు మిశ్రలోహము. లోపలి వేడిని ఆ లోహమే గ్రహించి బయటి గాలికి విడుచును. వెల 8,150 డాలర్లు! బరువు సుమారు 5 కిలోలు. ఐనను లోపల బ్యాటరీ లేదు. గోడకు తగిలించిననే గాని పనిచేయదు. ఒడిలో పెట్టుకొనవచ్చును గాని ఒడిని గోడదగ్గరకు తీసికొనిపోవలయును. పైగా దాని కార్యవిధానము దానిదే, లోకమంతయు ఐ.బి.యం. పద్ధతికి మరలుచుండగా ఇది యొంటరిదైపోయెను. 1983లో అమెరికావారు దీనిని అంతరిక్ష నౌకలో తీసికొనిపోయిరి. అక్కడ మరియొక చిక్కు వచ్చినది. భూమిపై వేడెక్కిన గాలి పైకి పోయి చల్లని గాలి ఆ చోటికి చేరును. బరువు లేని చోట పైయనునది లేదు, క్రిందయనునది లేదు, గాలి కదలదు. కావున లోన నొక చిన్న పంకాను అమర్చవలసివచ్చెను. యంత్రమును ఎచట వాడుదురో ఎరిగి చేయవలయును గాని, చేసిన పిమ్మట ఎచటనైన వాడుకొనుడనుట చెల్లదు.

ఇక టైటానియము మాట. ఈ లోహము మనకు పరాయిది కాదు. 1791లో ఇంగ్లండు దేశపు కార్న్‌వాల్ ప్రాంతమున విలియం గ్రెగర్ అను మతాచార్యుడు వాగు ప్రక్కనున్న నల్లని ఇసుకను పరీక్షించి ఇందేదో కొత్త లోహమున్నదని చెప్పెను. నాలుగేండ్లకు జర్మనీ శాస్త్రవేత్త క్లాప్రోత్ దానికి గ్రీకు పురాణములలోని టైటనుల పేరు పెట్టెను. అట్టి నల్లని ఇసుకయే మన భీమునిపట్నము మొదలు శ్రీకాకుళము వరకు సముద్రపుటొడ్డున నున్నది. హైదరాబాదులో 1973లో స్థాపింపబడిన మిశ్రధాతు నిగమము విమానములకు, రాకెట్లకు వలసిన టైటానియపు మిశ్రలోహములు తయారుచేయుచున్నది. హైదరాబాదులోని రక్షణ లోహశాస్త్ర పరిశోధనాలయము రూపొందించిన పద్ధతిచేతనే 2011లో కేరళలోని చవరలో టైటానియము తీయు కర్మాగారము ఆరంభమైనది.

దీని బరువు ఇనుము బరువులో సగమునకు కొంచెము మించియే యుండును, తుప్పు పట్టదు, గట్టిది. ఇన్ని సుగుణములున్న లోహముతో ల్యాప్‌టాపు చేసినచో ఇక లోపమేమని ఎవరైన అడుగవచ్చును. లోపము లోహమునందు లేదు. ఆ లోహమును ఎచట ఉంచవలయును, ఎచట ఉంచరాదు అను విచక్షణయందే చిక్కు.

ముందుగా ఆకాశవాణికి సంబంధించిన లోపమే చెప్పుదుము. ఇది రేడియో ప్రసంగము గదా! 1999 జూలైలో న్యూయార్కులో ఇదే సంస్థ ఐబుక్ అను ప్లాస్టిక్ ల్యాప్‌టాపును విడుదల చేసెను. తీగ లేకుండ రేడియో తరంగములచే ఇంటర్నెట్టు నందుకొను సౌకర్యము అందుండెను. దీనికి తీగ ఏదియు లేదని జనులకు చూపుటకై జాబ్స్ ఆ యంత్రమును పిల్లలాడుకొను పెద్ద వలయములోనుండి ఇటునుండి అటు పోనిచ్చెను. సభ హర్షధ్వానములతో నిండెను. ఆ తరువాత ఏడాదిన్నరకే వచ్చిన టైటానియపు యంత్రమునందును ఆ రేడియో పరికరమును అమర్చుకొన వీలు కలిగించిరి. కాని ఏమైనది? చవుకైన ప్లాస్టిక్ ఐబుక్కు ప్రక్క గదిలో కూర్చుండియు చక్కగా అందుకొను తరంగములను, దానికంటె ఎంతో ప్రియమైన ఈ లోహపు యంత్రము అంత చక్కగా అందుకొనలేకపోయెను.

కారణము సామాన్యము. మైకేల్ ఫారడే 1836లోనే ప్రయోగము చేసి చూపినాడు - లోహపు పంజరములోనికి బయటి విద్యుత్ ప్రభావము చొరదు. శ్రోతలు తమ ఇంటి ట్రాన్సిస్టరును ఇనుప ట్రంకుపెట్టెలో నుంచి మూతవేసి చూడవచ్చును. మా కంఠము సన్నగిలిపోవును. మన పెద్దలు కొనిన రేడియో పెట్టెలు కొయ్యతోనో బేకలైటుతోనో చేయబడుట అందముకొరకు మాత్రమే కాదు. పవర్‌బుక్కు వాడిన తరంగములు సెకనుకు 240 కోట్ల డోలనములు కలవి. ఒక్కొక్క తరంగపు పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. వానికి దారి విడువవలయునని శిల్పులకు తెలియకపోలేదు. అడుగుభాగమున ఇరుప్రక్కల చిన్న ప్లాస్టిక్ కిటికీలు పెట్టి వాని వెనుక ఏరియలు నుంచిరి. కాని కిటికీలు చిన్నవి, స్థానము దిగువది, చుట్టును లోహము. ఒడిలో నుంచుకొనినప్పుడు మనుష్యుని చేతులు, తొడలు వానికి అడ్డు. ఊరంతటికి వినబడవలసిన డప్పును గరిసెలో దించి కొట్టినట్లైనది.

ఇక అన్నింటికంటె పేరుమోసిన లోపము మడతబందులది. తలుపునకు బందు ఎట్లో ల్యాప్‌టాపు తెరకు బందు అట్లే. ఐతే తలుపు తెరచిన చోట నిలువకపోయినను మనము రాయి అడ్డు పెట్టుదుము. తెర మాత్రము ఎంత కోణమున నుంచిన అంత కోణమున నిలువవలయును. అందుకై బందులో బిగుతైన ఒరిపిడి నుంతురు. తెర తెరచిన ప్రతిసారి ఆ బిగుతును జయించు బలమంతయు బందు చేతిపై పడును. ఇందు తెర వెడల్పు, మందము స్వల్పము; కావున బందును సన్నగా చేసిరి. చేసి, దానిని అడుగు పెట్టెకు బిగించుచోట సూటిగా లంబకోణమున వంచిరి. సరిగా ఆ వంపువద్దనే అవి విరుగజొచ్చెను. కుడి బందు అక్కడనే, ఎడమ బందు అక్కడనే. క్రింద పడవేయక, దెబ్బ తగులనీయక, రోజును తెరచి మూయుచు వాడిన యంత్రములు సైతము ఇట్లు విరిగిన వనేకములు. ఎడమ బందును చుట్టుకొని తెరకు చిత్రమును కొనిపోవు తీగ కలదు; అదియును నలిగినచో తెర మినుకుమినుకుమని ఆరిపోవును. బందు మార్చుటకు తెర భాగమునంతయు విప్పి, అంటించిన రేకులను ఊడదీయవలయును. ఇది చూచి బయటి పనివారు కొందరు అంతకంటె గట్టి బందులు చేసి అమ్మజొచ్చిరి. తయారుచేసినవాడు మరచినదానిని మరమ్మతు చేయువాడు గుర్తుచేయుట యనగా ఇదియే.

లంబకోణపు వంపువద్ద లోహమేల విరుగును? బలము లోహములో నీరువలె ప్రవహించుననుకొనుడు. కాలువ మెల్లగా వంపు తిరిగినచో నీరు సాఫీగా పోవును; మూల తిరిగినచో గట్టును కోయును. లోహములోను అంతే. మూలవద్ద బలము కుప్పబడును. కంటికి కనబడని బీట అచట మొదలై, ప్రతి తెరపుతో నొక వెండ్రుకవాసి సాగి, ఒకనాడు ఠక్కుమనును. మూలను కొంచెము గుండ్రము చేసినచో ఆయువు ఎన్నో రెట్లు పెరుగును. ఏ పాలిటెక్నిక్ విద్యార్థి యైనను ఈ మాట మొదటి యేటనే చదువును.

రంగు సంగతి క్లుప్తముగా చెప్పి విడుతుము. రేకుల చుట్టునున్న అంచుపట్టీకి లోహపు వన్నె గల రంగు పూసిరి. అరచేతుల చెమట తగిలి అది పొంగి, పెచ్చులు రాలెను. వినోద మేమన, లోకములోని టైటానియపు ఖనిజములో అత్యధిక భాగము గోడలకు వేయు తెల్లరంగు చేయుటకే పోవును! రంగునకు తల్లివంటి లోహమును తెచ్చి పెట్టెచేసి, దాని అంచున రంగు నిలుపలేకపోయిరి.

వేడి విషయము ఇంత తేలికగా విడువదగినది కాదు. లోహము గనుక వేడిని చక్కగా పంచునని జనులనుకొనిరి. ఇనుప పెనము, ఇత్తడి చెంబు, అల్యూమినియపు గిన్నె చూచినవారు అట్లనుకొనుట సహజము. కాని లోహములన్నియు ఒక్కటి కావు. వేడిని ప్రసరింపజేయు శక్తి టైటానియమునకు అల్యూమినియమున కున్నదానిలో సుమారు పదవ వంతు మాత్రమే. కాబట్టి లోపలి యంత్రపుగుండె పుట్టించు వేడి దేహమంతటికి పలుచగా వ్యాపింపక ఒక్కచోట కుదురుకొనును. ఒడికి ఆ చోటే తగులును. గ్రిడ్ కంపాస్ నాటి మెగ్నీషియము ఈ పనిలో నయము. ఇరువది యేండ్ల వెనుకటి యంత్రము ఎరిగిన మర్మమును ఈ యంత్రము అందముకొరకు విడిచిపెట్టెనా యని మాకు తోచును. ఐతే అంగుళము మందములో అంత వేగము గల యంత్రమును ఇముడ్చుట ఆనాడు అసాధారణమైన పనియనుటయు ధర్మము. నేటి సన్నని లోహపు ల్యాప్‌టాపులలో దాని పోలిక లేనివి తక్కువ.

సిరిసిల్లలో మరమగ్గముల షెడ్డులోనికి పోయి చూడుడు. చట్రము పోత ఇనుము. ఇరుసులు ఇనుము. పళ్ళచక్రములు ఇనుము. ఐనను దెబ్బ తినుచోట ఇనుము లేదు. నాడె కొయ్యది. నాడెను విసరు కర్ర పేరే కర్ర, అదియు కొయ్యయే. నాడె మొనకు తగులు పికరును పూర్వము గేదె తోలుతో చేసెడివారు; పిమ్మట నైలాను వంటివి వచ్చినవి. నాడె నిమిషమునకు నూరుసార్లకు మించి ఇటునటు పరుగెత్తు యంత్రములో, ఇనుము నుంచినచో ఏదో ఒకటి పగులునని ఆ మగ్గమును కల్పించిన వారెరుగుదురు. మెత్తనిది అరుగును, అరిగినదానిని కొద్దిపాటి సొమ్ముతో మార్చుకొందురు. ఆసామికి మగ్గము ఒకదినము ఆగినచో ఆ దినపు కూలి లేదు. పోగులు పట్టు కార్మికునకును లేదు. కాబట్టి విరుగవలసినది ఏదో, దానిని చవుకగా, చేతికందునట్లుగా నుంచుటయే ఆ శిల్పములోని యసలు రహస్యము. టైటానియపు యంత్రమునకు ఈ రహస్యము తెలియలేదు. అందు విరుగునది అన్నిటికంటె లోపల, అన్నిటికంటె కష్టమైన చోట నున్నది.

ఆపిల్ సంస్థ పాఠము నేర్చుకొనలేదని మేమనము. 2003 జనవరిలో 12, 17 అంగుళముల నమూనాలను, అదే యేడు సెప్టెంబరులో 15 అంగుళముల నమూనాను అల్యూమినియముతో చేసి, టైటానియమునకు స్వస్తి చెప్పిరి. ఏరియలును అడుగునుండి తీసి తెర ఇరుప్రక్కలకు ఎక్కించిరి. దేహమునకు రంగు పూయుట మానిరి. 2008 అక్టోబరులో ఒకే అల్యూమినియపు దిమ్మను తొలిచి దేహము చేయు పద్ధతికి వచ్చిరి. టైటానియపు నమూనా బ్రతికినది రెండేండ్ల యెనిమిది నెలలు మాత్రమే. ఆ స్వల్పకాలములోనే మూడుసార్లు కొత్త రూపు దాల్చినది. తుది నమూనా వేగము మొదటిదానికి రెండింతలు. ఐనను మొదటినుండి తుదివరకు దాని దేహము అంగుళము మందమే, టైటానియమే.

మా ఇంటి ముచ్చట యొకటి చెప్పి ముగింతుము. కొన్నాళ్ళ క్రిందట మా మేనల్లుడు విదేశమునుండి వచ్చుచు తాను వాడి విడిచిన లోహపు ల్యాప్‌టాపు నొకదానిని చెల్లెలి చదువునకని తెచ్చియిచ్చెను. అది మేమింతసేపు చెప్పిన యంత్రము కాదు, తరువాతి కాలపుది. చేసిన సంస్థ పేరు ఇచట అప్రస్తుతము. ఆ పిల్ల నాచుపల్లి ఇంజనీరింగు కళాశాల విద్యార్థిని. ఆరు నెలలు తిరుగకముందే ఎడమ బందు విరిగెను. తెర ఒక ప్రక్కకు ఒరిగి, గోడకు చేర్లబెట్టిననే గాని నిలువదు. పరీక్షలు దగ్గరపడినవి. కోరుట్లలో నొక దుకాణమున చూపగా, భాగము దొరకదు, తెర మొత్తము మార్చవలయును, దాని వెలకు కొత్త యంత్రమే వచ్చునని చెప్పిరి. ఆ పిల్ల కన్నీరు పెట్టుకొనెను. కొత్తది కొను స్తోమత ఆ ఇంట లేదు.

మేము విరిగిన ముక్కలు రెండును కాగితములో చుట్టుకొని సిరిసిల్లకు పోతిమి. అచట మగ్గపు సామాను చేయు లేతు పనివాడొకడు మాకు పరిచయస్థుడు. అతడు ఆ ముక్కలను వెలుతురునకు ఎత్తి పట్టి, గోటితో మూలను తడవి, "ఎవలు జేసిండ్రో గని సారూ, మూలకు గుండ్రం ఇయ్యలే. ఇరుగకుంట ఎట్లుంటది!" అనెను. మేము పుస్తకములు చూచి తెలిసికొన్న సంగతిని అతడు గోటితో తెలిసికొనెను. మధ్యాహ్నమునకు ఉక్కుముక్క నొకదానిని కోసి, లోపలి మూలకు గుండ్రమిచ్చి, రంధ్రములు సరిచూచి, చేతికిచ్చెను. మొదటిది వెండ్రుకవాసి ఎక్కువైనది, రెండవది కుదిరినది. కూలి అడుగుటకు మొగమాటపడెను. మేమే బలవంతముగా ఇచ్చితిమి.

ఆ పిల్ల పరీక్షలు వ్రాసినది. యంత్రమును ఇప్పుడును వాడుచున్నది. ఒడికి వేడి తగులకుండ తల్లి పాత చాటను బోర్లించి దానిమీద పెట్టుకొనుచున్నది. ఇక ఆ లేతు పనివాడు చేసిన ముక్క కొలతలను సుద్దతో దుకాణపు తలుపు లోపలివైపున వ్రాసియుంచెను. ఎందుకని మేమడుగగా, "ఇంకోటి వస్తది సారూ" అనెను. ఆ నెల తిరుగకముందే కోరుట్లనుండి రెండవది వచ్చినదట. అదియు ఎడమ బందే.